హైమా దగ్గర ఇరవై నిమిషాలు

రువీల బస్సెక్కేముందు మూడుసార్లు తడిమిన జేబు.
నీలం పంపు ఉన్నది.
దాని వీపుమీది చిన్న కిటికీల అంకె: నలభై ఒకటి.
ఇంకోటి సంచిల, సాక్సుల నడుమ,
ఒకటి పోతే ఒకటన్న ఉండాలెనని.
గోధుమరంగుది పొద్దున్నే పీల్చి, నోరు పుక్కిలించిన.
డాక్టరు చీటి బతాకా వెనుక మడిచిపెట్టిన.
ఇంత చేసినంక గూడ భయం
టికెట్ లేకుండనే ఎక్కి
నా పక్కన కూసున్నది.

వెయ్యి కిలోమీటర్లు.
కంపెనీ సలాలాకు మార్చింది, నన్నడగలే.
రాత్రంత ఫోన్ల మ్యాపును ఏళ్లతోని సాగదీసి చూసిన:
నిజ్వాల దవాఖాన, ఆదంల దవాఖాన, హైమాల దవాఖాన,
వాటి నడుమ?
ఇసుక రంగు. ఎంత పెద్దగ చేసినా ఇసుక రంగే.
కంబల్ కిందికెల్లి రాజలింగు అన్నడు:
"అరె, నడిపేది డ్రైవరు, నువ్వు ఊకె కూసునుడేనాయె."
వానికెట్ల చెప్పాలె,
గాలి లోపలికైతే పోతది,
బయటికి రాదు,
కఫీల్ బీరువాల పాస్‌పోర్టు లెక్క అని.

మా దిక్కు ఈ రోగాన్ని దమ్ము అంటరు.
ధైర్యాన్నీ దమ్మే అంటరు.
"వీనికి దమ్మున్నది" అని వాడకట్టోళ్లు
రెండు తీర్ల నవ్వుతుండిరి.
అమ్మ చాట ముందట కూసోని బీడీలు చుడుతుంటె
నేను గడపవతల, వానల గూడ.

పక్క సీట్లకు ఒక పెద్దాయన వచ్చిండు.
తెల్ల దిష్‌దాషా, తలకు కుమ్మా,
ఒంటినిండ అత్తరు.
భయం లేచి ఆయనకు జాగిచ్చి
నా ఒళ్లె కూసున్నది.
కిటికీ అవతల కరెంటు కంబాలు లెక్కవెట్టిన:
రెండు కంబాలకు పీల్చుడు,
నాలుగు కంబాలకు వదులుడు,
పెదవులు సీటీ కొట్టేటట్టు పెట్టి.
చీకటి పడ్డది. కంబాలు కనవడలే.
అంకెలు నేనే చెప్పుకున్న.

హైమాల బస్సు ఆగింది. "ఇరవై నిమిషాలు."
చాయ్ దుకాణం గల్ల మీద మట్టి కుంపటి,
అండ్ల లుబాన్, సన్నగ పొగ.
అందరికీ వాసన, నాకు గోడ.
ఛాతిల పిల్లికూతలు మొదలైనయి,
ఒకటి, ఇంకోటి, ఇగ సంసారమే.

ఈ రోజు కోసం ఒక్క మాట నేర్చుకున్న అరబ్బీల,
స్నానం చేసుకుంట, బూట్లు తొడుక్కుంట నేర్చుకున్న:
ఇందీ రబూ. నాకు ఆస్తమా ఉన్నది.
ఊపిరి సగంల తెగింది, చివర మింగేసిన.
"ఇందీ రబ్" అన్న.
నాకు దేవుడున్నడు.

పెద్దాయన చాయ్ కప్పు దించిండు.
"కుల్లనా," అన్నడు మెల్లగ.
అందరికీ ఉన్నడు బిడ్డా.

తర్వాత నా చేతిల నీలం పంపు చూసిండు,
ఎగిరిపడుతున్న నా భుజాలు చూసిండు.
నవ్వలే.
దిష్‌దాషా చేతిని ఏళ్లమీదికి లాక్కొని
కుంపటి తనే ఎత్తుకొని బయటికి నడిచిండు.
కుమ్మా తీసి గాలికి పట్టి,
గాలి ఎటు పోతున్నదో చూసి,
రోడ్డు దాటి అవతల పెట్టొచ్చిండు.
దుకాణపోడు ఏదో అనబోయి ఊకున్నడు.

ఊపి, వదిలి, నొక్కి, పట్టి,
పది దాక.
ఒక నిమిషం ఆగి మళ్ల.
ముప్పైతొమ్మిది.
పిల్లులు ఒక్కోటి పక్కకు జరిగినయి.
ఒకటి మాత్రం ఉండిపోయింది, చిన్నది.

బస్సెక్కేముందు ఆయన తన సంచిలకెల్లి
లుబాన్ పొట్లం తీసి
రెండు కవర్ల కట్టి కింద డిక్కీల ఏయించిండు.
ముక్క ఒకటి నోట్ల ఏసుకొని నములుకుంట
"పొగ లేదు, చూడు" అన్నట్టు నోరు తెరిచిండు.
అప్పుడు ఇద్దరం నవ్వినం.

తుమ్రైత్ దాటినంక గుట్ట దిగుడు.
పొగమంచు అద్దాలను నాకుతున్నది.
ఈ వానకాలాన్ని ఖరీఫ్ అంటరట ఈళ్లు గూడ.
చల్లగాలి కదా, రుమాలు మూతికి అడ్డం కట్టుకున్న.
భయం దిగలే.
వెనుక సీట్ల కూసున్నది, టికెట్ లేకుండనే,
నిద్రవోతున్నట్టున్నది, నేను లేపలే.

రాజలింగు మెసేజి: చేరినవా?
ముప్పైతొమ్మిది, అని రాసిన.
"ఏందిరా, సలాలాల గూడ ఎండ గంతనా?"